నాన్నగారి పిత్తనాళం ఇరుకైంది... క్యాన్సరని తేలకముందే ఆపరేషన్ చేయించాలా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు తన తండ్రి గురించి వివరంగా ఉత్తరం రాశారు. ఆయన వయసు 61. రెండు నెలల కిందట రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దురదతో మొదలైంది. చర్మవ్యాధి అనుకుని పూతమందులు వాడారు. తర్వాత మూత్రం ముదురు రంగుకు మారింది, కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు మాత్రం 5 కిలోలు తగ్గారు. పరీక్షల్లో కామెర్ల తీవ్రతను చూపే బిలిరుబిన్ 11 వచ్చింది. కాలేయం కుడి, ఎడమ భాగాల నుంచి వచ్చే పిత్తనాళాలు కలిసేచోట ఇరుకు ఉందని ఎంఆర్‌సీపీ అనే పిత్తనాళాల ఎంఆర్ఐ స్కాన్‌లో తేలింది. అప్పుడే చేసిన రక్తపరీక్షల్లో సీఏ 19-9 అనే క్యాన్సర్ సూచిక 240, ఐజీజీ4 అనే యాంటీబాడీ 210 ఉన్నాయి. ఐజీజీ4కి ఆ ల్యాబు ఇచ్చిన గరిష్ఠ పరిమితి 135. అయిదు వారాల కిందట ఈఆర్‌సీపీ (ఎండోస్కోపు ద్వారా పిత్తనాళంలోకి వెళ్లే ప్రక్రియ) చేసి, నాళం తెరిచి ఉంచడానికి ప్లాస్టిక్ గొట్టం, అంటే స్టెంటు వేశారు, బ్రష్‌తో కణాలు తీసి పరీక్షకు పంపారు. 'తేడాగా ఉన్న కణాలున్నాయి, క్యాన్సరని నిర్ధారించలేం' అని రిపోర్టు. ఇప్పుడు బిలిరుబిన్ 2కు దిగింది. స్టెంటు వేశాక తీసిన సీటీ స్కాన్‌లో ఆ చోట నాళం గోడ మందంగా ఉందని రాశారు.

సర్జన్ 'ఇది క్యాన్సరనే అనుకోవాలి, సగం కాలేయంతో సహా ఆ భాగం తీసేయాలి, ఆలస్యం చేస్తే అవకాశం పోతుంది' అన్నారు. మరో గ్యాస్ట్రోఎంటరాలజిస్టు 'ఐజీజీ4 జబ్బు కావచ్చు, ఒక నెల స్టెరాయిడ్లు వాడి చూద్దాం' అన్నారు. అన్నయ్య వెంటనే ఆపరేషన్ అంటున్నారు. క్యాన్సరని రిపోర్టులో లేదు కదా, ఇంక ఆయన్ని కోతల పాలు చేయొద్దని అమ్మ పట్టుబడుతున్నారు. నాన్నగారికి మాత్రం 'నాళంలో చిన్న అడ్డు' అని చెప్పి ఊరుకున్నారు. ఉత్తరం చివర ఆమె ఇంకో మాట కలిపారు: మూడేళ్ల కిందట ఆయనకు దవడ కింద గడ్డలా వాచి గట్టిపడితే ఆ గ్రంథిని తీసేశారని, అది క్యాన్సర్ కాదన్నారని. ఎవరి మాట వినాలి, స్టెరాయిడ్లు ప్రమాదమా, నాన్నకు చెప్పాలా వద్దా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఇంతకుముందు ఆ ప్రాంతంలో ఏ ఆపరేషనూ జరగని మనిషికి, నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, రెండు నాళాలు కలిసేచోట ఇరుకు కనిపిస్తే ఎక్కువమందిలో అది క్యాన్సరే అవుతుంది. సర్జన్ భయం అక్కడి నుంచి వచ్చింది. కానీ అచ్చం అలాగే కనిపించే మామూలు జబ్బులు కొన్ని ఉన్నాయి. అవి అరుదు కాబట్టి వెతికితేనే దొరుకుతాయి. క్యాన్సరనుకుని ఈ చోట పెద్ద ఆపరేషన్ చేసినవాళ్లలో వందకు సుమారు పదిమందికి, తీసిన భాగంలో క్యాన్సరే లేదని తర్వాత తేలినట్టు ప్రపంచంలో చాలా ఆస్పత్రుల అనుభవం. ఆ సర్జన్లు అజాగ్రత్తగా ఉన్నారని దీని అర్థం కాదు. ఆపరేషన్‌కు ముందు తేల్చడం అంత కష్టం. రెండో డాక్టరుగారు ఆ పదిమందిని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

మీ చేతిలో ఉన్న రిపోర్టులను ఒక్కొక్కటిగా చూద్దాం. మీ ఇంట్లో గొడవంతా వాటిని తలా ఒకరకంగా చదవడం వల్లే వచ్చింది.

ముందు బ్రష్ పరీక్ష. నోటి గుండా ఎండోస్కోపు పంపి, పిత్తనాళం తెరుచుకునే రంధ్రం గుండా సన్నని తీగ చివర ఉన్న కుచ్చును ఇరుకు దాకా తోసి, అక్కడ ముందుకూ వెనక్కూ రుద్ది బయటికి తీస్తారు. కుచ్చుకు అంటుకున్న కణాలనే గాజుపలక మీద పరిచి చూస్తారు. గోడను గీకితే సున్నం రాలుతుంది గానీ ఇటుక రాదు. పిత్తనాళపు క్యాన్సర్ గట్టి పీచులా గోడ లోపలికి పాకుతుంది, పైపొరలో దొరికే కణాలు తక్కువ. నిజంగా క్యాన్సర్ ఉన్న వందమందికి ఈ పరీక్ష చేస్తే దాదాపు 45 మందిలోనే బయటపడుతుంది. అందుకని 'క్యాన్సరని నిర్ధారించలేం' అన్న వాక్యాన్ని అమ్మగారు 'క్యాన్సర్ లేదు' అని చదువుకోకూడదు. అలాగే 'తేడాగా ఉన్న కణాలు' అన్న మాటను అన్నయ్య 'క్యాన్సర్ మొదలైంది' అని చదువుకోకూడదు. వాపు ఉన్న చోట, స్టెంటు రాసుకున్న చోట, రాయి ఒరుసుకున్న చోట కూడా కణాలు అలా కనిపిస్తాయి.

సీఏ 19-9 సంగతి. మీరు చెప్పిన 240, బిలిరుబిన్ 11 ఉన్న రోజుల్లో తీసింది. పిత్తం నిలిచిపోతే చాలు, కారణం ఏదైనా ఈ సూచిక పెరుగుతుంది. నాళంలో చీము చేరితే వేలల్లోకీ వెళ్తుంది. ఇప్పుడు కామెర్లు బాగా తగ్గాయి కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయించండి. 240 నుంచి మామూలు స్థాయికి దిగితే కొంత ఊరట. తగ్గకపోయినా, పెరిగినా అనుమానం బలపడుతుంది. వందలో 5 నుంచి 10 మందికి పుట్టుకతోనే ఈ పదార్థం తయారుకాదు. వాళ్లకు క్యాన్సర్ ఉన్నా ఇది పెరగదు. మీ నాన్నగారికి పెరిగింది కాబట్టి ఆ కోవలోకి రారు. ఆ మేరకు ఆయన విషయంలో ఈ పరీక్ష పనికొస్తుంది.

ఇక ఐజీజీ4. ఇది అందరి రక్తంలో ఉండే యాంటీబాడీలలో ఒక రకం. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి ఈ రకం యాంటీబాడీని తయారుచేసే కణాలు ఒక అవయవంలో గుంపుగా చేరితే, ఆ అవయవం వాచి, గట్టిపడి, పీచుగా మారుతుంది. క్లోమంలో మొదలైతే క్లోమం వాచిపోతుంది, పిత్తనాళంలో చేరితే ఇరుకైపోతుంది. ఈ జబ్బున్నవాళ్ల రక్తంలో ఐజీజీ4 పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2001లో చూపించారు. అంతకుముందు ఇలాంటివాళ్లలో ఎంతోమంది క్యాన్సరన్న అనుమానంతో ఆపరేషన్ బల్ల ఎక్కారు. అరవై ప్రాంతంలో ఉన్న మగవాళ్లలో ఇది ఎక్కువ, నొప్పి లేని కామెర్లతోనే బయటపడుతుంది. మీ నాన్నగారు ఆ వివరానికి సరిపోతారు.

అయితే 210 అనే అంకె మీద ఇల్లు కట్టకండి. అది పరిమితికి ఒకటిన్నర రెట్లు మాత్రమే. పిత్తనాళపు క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా వందకు పదిమందికి పైగా ఈ స్థాయి పెరుగుదల కనిపిస్తుంది. నాలుగు రెట్లు దాటి ఉంటే ఐజీజీ4 జబ్బువైపు గట్టిగా మొగ్గేవాళ్లం. ఇటువైపు చూస్తే, ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్లలో కూడా దాదాపు నలుగురిలో ఒకరికి ఈ అంకె మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఇది వెతకాల్సిన దిక్కు చూపిస్తుంది, తీర్పు చెప్పదు.

సీటీలో నాళం గోడ మందంగా ఉందన్న మాటకూ ఒక మినహాయింపు ఉంది. స్టెంటు వేసి కొన్ని వారాలైతే దాని ఒరిపిడికే గోడ మందమవుతుంది. స్టెంటుకు ముందు తీసిన ఎంఆర్‌సీపీ మీ దగ్గర ఉండటం అదృష్టం. దాని సీడీ జాగ్రత్తగా దాచండి. కాగితం మీది రిపోర్టు చాలదు, ఎవరిని సంప్రదించినా బొమ్మలే చూపించండి.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర రాసిన దవడ సంగతికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది అదే. ఐజీజీ4 జబ్బు చాలామందిలో ఒక్క అవయవంతో ఆగదు. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, క్లోమం, మూత్రపిండాలు, కడుపు వెనక పెద్ద రక్తనాళం చుట్టూ ఉండే కణజాలం... ఏళ్ల తేడాతో ఒక్కొక్కచోట తలెత్తుతుంది. దవడ కింది లాలాజల గ్రంథి నొప్పి లేకుండా గట్టిగా వాచి, క్యాన్సరేమోనని తీసేస్తే 'దీర్ఘకాలపు వాపు' అని రిపోర్టు రావడం ఈ జబ్బులో తరచూ జరిగేదే. మూడేళ్ల కిందట ఆ గ్రంథిని పరీక్షించిన పాథాలజీ విభాగంలో మైనంలో పొదిగిన చిన్న దిమ్మ ఇప్పటికీ ఉండి ఉండవచ్చు. వాటిని ఏళ్ల తరబడి భద్రపరుస్తారు. మీ నాన్నగారి పాత రిపోర్టు మీద ఉన్న నమూనా నంబరు చూపించి, ఆ దిమ్మను, గాజుపలకలను రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఇప్పుడు చూస్తున్న ఆస్పత్రిలో దాన్ని మళ్లీ పలచగా కోసి ఐజీజీ4 రంగు వేసి చూస్తారు. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు గుంపులుగా, సుడులు తిరిగినట్టుండే పీచు, పూడుకుపోయిన చిన్న సిరలు కనిపించి, ఐజీజీ4 రంగు పట్టిన కణాలు ఎక్కువగా ఉంటే, పిత్తనాళంలో ఉన్నది కూడా అదే జబ్బు అనడానికి బలమైన ఆధారం దొరికినట్టే. మీ నాన్నగారికి సూది కూడా గుచ్చక్కర్లేదు, కోత అసలే లేదు. దీన్నే ముందు చేయండి.

ఆ పాత గ్రంథిలో ఐజీజీ4 తేలినా, పిత్తనాళంలో క్యాన్సర్ లేదని నూటికి నూరుపాళ్లు రాసిచ్చినట్టు కాదు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. కానీ తూకం బాగా మారుతుంది. సర్జన్‌గారు కూడా అప్పుడు వేరే కళ్లతో చూస్తారు.

ఐజీజీ4 ఒక్కటే ఇలా మోసం చేస్తుందనుకోకండి. మీ నాన్నగారిని కూర్చోబెట్టి కొన్ని విషయాలు అడగాలి. గాల్ బ్లాడర్ ఆపరేషన్ ఎప్పుడైనా జరిగిందా? జరిగి ఉంటే నాళానికి తగిలిన గాయం ఏళ్ల తర్వాత కూడా ఇరుకుగా మారవచ్చు. గాల్ బ్లాడర్ మెడ దగ్గర ఇరుక్కున్న పెద్ద రాయి పక్కనున్న నాళాన్ని బయటి నుంచి నొక్కినా ఇదే బొమ్మ వస్తుంది. అర్జెంటీనా సర్జన్ పాబ్లో మిరిజి పేరుతో దాన్ని మిరిజి సిండ్రోమ్ అంటారు. విరేచనంలో రక్తం, జిగురు చాలాకాలంగా ఉన్నాయా? ఉంటే పెద్దపేగు వాపుతో కలిసి వచ్చే ప్రైమరీ స్క్లిరోజింగ్ కొలాంజైటిస్‌ను ఆలోచించాలి. అందులో ఒకచోట కాక చాలాచోట్ల నాళాలు పూసల దండలా ఇరుకు కడతాయి, కొలనోస్కోపీ కూడా అవసరమవుతుంది. క్షయ ఎప్పుడైనా వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా? కాలేయం ముఖద్వారం దగ్గరి లింఫ్ గ్రంథుల్లో క్షయ చేరి నాళాన్ని నొక్కవచ్చు, అరుదుగా నాళం గోడలోనే చేరవచ్చు. ఎప్పుడైనా తీవ్రమైన జబ్బుతో వారాల తరబడి ఐసీయూలో ఉన్నారా, కడుపు భాగానికి రేడియేషన్ తీసుకున్నారా, క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ మందులు వాడారా? ఇవి కూడా పిత్తనాళాలను దెబ్బతీస్తాయి. హెచ్‌ఐవీ పరీక్ష చేయకపోయి ఉంటే చేయించాలి. దీన్ని అవమానంగా తీసుకోవద్దు.

మామూలు రక్తపరీక్ష కాగితంలో ఇసినోఫిల్స్ అనే గడిని ఒకసారి చూడండి. అవి బాగా పెరిగి ఉంటే, ఆ కణాలే నాళం గోడలో చేరి ఇరుకు చేసే అరుదైన జబ్బు ఒకటి ఉంది. అది కూడా స్టెరాయిడ్లకు లొంగుతుంది.

ఒక కారణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పరీక్షే ప్రమాదం. కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర ఎప్పుడో గడ్డకట్టి పూడుకుపోతే, దాని బదులు వంకరటింకర సిరలు పిత్తనాళం చుట్టూ అల్లుకుని దాన్ని నొక్కుతాయి. అలాంటి చోట ముక్క తీయబోతే రక్తం ధారగా పోతుంది. సీటీలో ఆ సిర బాగానే ఉందని రాశారో లేదో చూసుకోండి. రాయకపోతే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ గురించి అడగండి.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, సర్జన్‌గారు చెప్పినట్టు ఇప్పుడే ఆపరేషన్. ఇది క్యాన్సరే అయితే, పాకకముందు మొత్తంగా తీసేయడమే నయమయ్యే అవకాశం ఇచ్చే ప్రధాన చికిత్స. నెలల తరబడి తాత్సారం చేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. క్యాన్సర్ కాకపోతే మాత్రం, మందులతో తగ్గే జబ్బుకు సగం కాలేయం పోగొట్టుకున్నట్టవుతుంది. ఈ చోటి ఆపరేషన్ చిన్నది కాదు. బాగా అనుభవమున్న కేంద్రాల్లో కూడా వందలో 5 నుంచి 10 మంది దాకా ప్రాణాపాయం ఉంటుంది. అయితే అన్నయ్య 'రేపే' అంటున్నా ఆపరేషన్ రేపే జరిగేది కాదు. కామెర్లు ఇంకా తగ్గాలి. మిగిలే కాలేయం చిన్నదైతే, తీసేయబోయే వైపుకు వెళ్లే పోర్టల్ సిర కొమ్మను ముందుగా మూసి, మిగిలే భాగం పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు. ఆ వారాలు ఎలాగూ ఉన్నాయి. దవడ గ్రంథి దిమ్మ, సీఏ 19-9, తర్వాత చెప్పబోయే పరీక్షలు అన్నీ ఆ వ్యవధిలోనే జరగవచ్చు. 'ఆపరేషనా, పరీక్షలా' అని మీరు పడుతున్న పోట్లాట అక్కర్లేదన్నది నా ఉద్దేశం.

రెండోది, మరింత మంచి ముక్క కోసం ప్రయత్నించడం. నాళం లోపలికే వెళ్లే సన్నని కెమెరాతో ఇరుకును కళ్లారా చూసి, అనుమానం ఉన్న చోటే ముక్కలు తీసే పద్ధతి ఇప్పుడుంది. దాన్ని కొలాంజియోస్కోపీ అంటారు. ఉబ్బిన, మెలికలు తిరిగిన రక్తనాళాలు, ఎగుడుదిగుడు పైపొర కనిపిస్తే క్యాన్సర్ వైపు అనుమానం పెరుగుతుంది. తీసిన ముక్కలకు మామూలు పరీక్షతో పాటు ఐజీజీ4 రంగు కూడా వేయమని ముందే చెప్పాలి. చెప్పకపోతే వేయకపోవచ్చు. అదే పూట ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఎండోస్కోపు చివర నుంచి లోపలే తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) చేస్తే క్లోమం ఎలా ఉందో తెలుస్తుంది. ఐజీజీ4 వల్ల పిత్తనాళం ఇరుకైనవాళ్లలో చాలామందికి క్లోమం కూడా వాచి, అంచుల్లోని నొక్కులు పోయి నున్నగా, లావుగా కనిపిస్తుంది. క్లోమం పూర్తిగా మామూలుగా ఉంటే ఐజీజీ4 అవకాశం తగ్గుతుంది, పోదు. పక్కన లింఫ్ గ్రంథులు పెరిగి ఉంటే వాటి నుంచి సూదితో నమూనా తీసి క్షయకూ, క్యాన్సర్‌కూ రెండింటికీ పంపవచ్చు.

ఈ దారిలో కూడా ఇబ్బందులున్నాయి. ఈఆర్‌సీపీ చేసిన ప్రతిసారీ కొద్దిమందికి క్లోమం వాపు వస్తుంది, నాళంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ముక్కలు తీసినా తేలకపోవచ్చు. ఇంకో సంగతి: పొట్ట బయటి నుంచి గానీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ద్వారా గానీ ఆ ఇరుకులోకే నేరుగా సూది గుచ్చి ముక్క తీద్దామని ఎవరైనా అంటే, ముందు సర్జన్‌గారిని అడగండి. క్యాన్సరైతే సూది వెళ్లిన దారిలో కణాలు చిమ్మే ప్రమాదం ఉంది. కొన్ని కేంద్రాలు అలా చేసినవారిని కాలేయ మార్పిడికి తీసుకోవు.

మూడోది స్టెరాయిడ్లు వాడి చూడటం. మీరు భయపడుతున్నట్టు అది విషం కాదు, అమ్మగారు ఆశపడుతున్నట్టు అంత తేలికా కాదు. ఐజీజీ4 జబ్బయితే రోజుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో రెండు నుంచి నాలుగు వారాల్లోనే ఇరుకు విప్పారడం కనిపిస్తుంది. అలా విప్పారడమే రోగనిర్ధారణలో ఒక భాగం. కానీ మూడు షరతులు తప్పనిసరి. ముక్కలు తీయడం పూర్తయ్యాకే మందు మొదలుపెట్టాలి, ఎందుకంటే స్టెరాయిడ్ పడితే వెతుకుతున్న కణాలే మాయమవుతాయి, లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) లాంటివి కూడా కొన్నాళ్లు తగ్గినట్టు నటిస్తాయి. హెపటైటిస్ బీ, క్షయ, షుగర్ పరీక్షలు ముందే అయిపోవాలి. దాగి ఉన్న క్షయ గానీ, హెపటైటిస్ బీ గానీ స్టెరాయిడ్లతో పైకి లేస్తాయి. మూడోది, గడువు. మొదలుపెట్టే రోజే మళ్లీ స్కాన్ తీసే తేదీ రాసుకోవాలి, ఆ రోజు ఇరుకు స్పష్టంగా తగ్గకపోతే మందు పొడిగించకుండా సర్జన్ దగ్గరికి తిరిగి రావాలి. ఆ సర్జన్‌గారికి ఈ ఏర్పాటు ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ ఒక పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది. స్టెంటు లోపల ఉంది కదా, పిత్తం దాని గుండా దిగుతోంది. కాబట్టి స్టెరాయిడ్లు వాడుతుండగా బిలిరుబిన్ 2 నుంచి 1కి వస్తే అది మందు గొప్పతనమో, స్టెంటు గొప్పతనమో చెప్పలేం. స్టెరాయిడ్లతో ఎవరికైనా ఆకలి పెరుగుతుంది, హుషారు వస్తుంది. నాన్న తేరుకున్నారని ఇంట్లో అందరూ సంబరపడతారు. ఇవేవీ రుజువులు కావు. ఇరుకు బొమ్మలో విప్పారాలి. వీలైతే స్టెంటు తీసి, నాళంలోకి రంగు ఎక్కించి చూసినప్పుడు విప్పారినట్టు కనిపించాలి. అలా కనిపించినా చాలామందికి నెలల తరబడి తక్కువ మోతాదులో మందు కొనసాగించాలి, జబ్బు తిరగబెట్టడం మామూలే కాబట్టి ఏళ్లపాటు గమనించుకోవాలి.

నాలుగోది అమ్మగారు చెబుతున్నది: ఏమీ చేయకుండా ఇంటికి తీసుకెళ్లిపోవడం. ఆవిడ భయం నాకు అర్థమైంది, భర్తను కత్తికి అప్పగించాలని ఎవరికుంటుంది? కానీ ఈ నాలుగింటిలో నేను వద్దని చెప్పేది ఇదొక్కటే. క్యాన్సరైతే అవకాశం పోతుంది. కాకపోయినా, చికిత్స లేని ఇరుకు వెనక కాలేయం నెమ్మదిగా చెడిపోతుంది.

నన్నడిగితే, పాత దిమ్మ పరీక్ష, మళ్లీ సీఏ 19-9, కొలాంజియోస్కోపీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ మూడు వారాల్లోపు పూర్తిచేసి, సర్జన్, గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు నలుగురూ ఒకే గదిలో బొమ్మలు చూసి మాట్లాడుకునే ఆస్పత్రిలో తేల్చుకోవడం మేలు. దవడ గ్రంథిలో ఐజీజీ4 తేలి, ముక్కల్లో క్యాన్సర్ లేకపోతే, గడువు పెట్టిన స్టెరాయిడ్ల వైపు నేను మొగ్గుతాను. ఆ గ్రంథిలో ఏమీ లేకపోయి, సీఏ 19-9 తగ్గకపోతే, ముక్క పరీక్షలో క్యాన్సరని రాకపోయినా సర్జన్‌గారి మాటకే బలం ఎక్కువ. అప్పుడు ఆపరేషన్ చేయించి, ఒకవేళ క్యాన్సర్ కాదని తేలినా, 'అనవసరంగా కోయించాం' అని ఎవరూ ఎవరినీ నిందించుకోకూడదు. ఈ మాట ఇంట్లో ముందే అనుకోండి. నేను మీ నాన్నగారి బొమ్మలు చూడలేదు. చూసినవాళ్ల చేతిలో ఈ మొగ్గు మారవచ్చు.

నాన్నగారికి చెప్పాలా అని అడిగారు. చెప్పాలి, ఈ వారమే. ఆపరేషనైనా, మందైనా ఆయన శరీరానికి జరిగేది, ఒప్పుకోవలసింది ఆయనే. ఇంకో కారణం కూడా ఉంది. నేను పైన అడిగిన ప్రశ్నలకు సగం జవాబులు ఆయన దగ్గరే ఉన్నాయి. నోరు ఎండిపోతోందా, కనురెప్పలు ఎప్పుడైనా వాచాయా, ముక్కు ఏళ్లుగా మూసుకుపోతోందా, చిన్నప్పుడు క్షయకు మందులు వాడారా... 'చిన్న అడ్డు' అని నమ్మిన మనిషి ఇవన్నీ గుర్తుతెచ్చుకుని చెప్పరు. 'క్యాన్సర్' అని మొహం మీద పడేయక్కర్లేదు. 'నాళం ఇరుకైంది నాన్నా, కారణం ఇంకా తేలలేదు, క్యాన్సర్ కావచ్చని డాక్టర్ల అనుమానం, మందులతో తగ్గేదీ కావచ్చు, తేల్చడానికి ఈ పరీక్షలు' అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అన్నయ్య, మీరు, అమ్మ ముగ్గురూ పక్కన ఉండి చెప్పండి. తర్వాత డాక్టర్ దగ్గరికి ఆయన్నీ లోపలికి తీసుకెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టవద్దు.

అక్కడ అడగవలసినవి కాగితం మీద రాసుకోండి: ఈ ఇరుకు మామూలు జబ్బు కావడానికి మీరు ఏయే కారణాలు పరిశీలించారు, ఏవి కొట్టేశారు, దేనివల్ల? ఆపరేషన్‌కు ముందు మిగిలే కాలేయం ఎంతో కొలిచారా? కారణం తేలకముందు తీయడానికి వీలుకాని లోహపు స్టెంటు వేయరు కదా? ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. పూత లేని లోహపు స్టెంటు గోడలో కూరుకుపోతుంది, క్యాన్సర్ కాని జబ్బులో అది జన్మంతా సమస్యే.

దురద ఇంకా ఉంటే భరిస్తూ కూర్చోవద్దు, దానికి మందులున్నాయి, అడగండి. కామెర్లు ఎక్కువకాలం ఉన్నవాళ్లకు విటమిన్ కె తగ్గి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, కాబట్టి ముక్క తీసేముందు ఆ పరీక్ష చూస్తారు. ఆయన రక్తం పలచబడే మాత్రలేవైనా వేసుకుంటుంటే ముందుగా చెప్పాలి.

స్టెంటు వేసి ఇప్పటికే అయిదు వారాలైంది. ప్లాస్టిక్ స్టెంటు సాధారణంగా మూడు నెలల్లో మార్చాలి, లేకపోతే పూడుకుపోతుంది. ఆ తేదీ ఇంట్లో అందరికీ తెలియాలి. ఈలోపు ఆయనకు వణుకుతో చలిజ్వరం వచ్చినా, కుడి డొక్కలో నొప్పి పుట్టినా, కళ్లు మళ్లీ పచ్చబడినా, మాట తడబడినా, అది అర్ధరాత్రయినా జ్వరం మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మూసుకుపోయిన నాళంలో చీము పట్టిందంటే గంటల్లో రక్తానికి పాకుతుంది. ఈఆర్‌సీపీ సదుపాయం ఉన్న ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్లండి, స్టెంటు వేసిన కాగితం వెంట పెట్టుకోండి.